వైరస్ నీరసపడ్డదట.. మరి గోలీలు బంద్ చేద్దామా?

హెచ్‌ఐవీ బలం తగ్గింది, ఇగ మందులెందుకు అని ఎవలన్న వాట్సాప్‌ల పంపితే జర ఆగుండ్రి తమ్ముళ్లూ, చెల్లెండ్లూ. అసొంటి మాటల సగం నిజం ఉంటది. గా సగమే పానాల మీదికి తెస్తది.

మన కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అనే ప్రోటీన్లు ఉంటయి. లోపలికి వైరస్ జొర్రితే దాని తునకను పట్టి బయటికి సూపెడ్తయి. టీ కణాలు అది సూసి ఆ కణాన్నే సంపుతయి. ఈ హెచ్‌ఎల్‌ఏ జన్యువులు సగం అమ్మ నుంచి, సగం నాయిన నుంచి వస్తయి. మనిషి మనిషికీ తేడా. ఏ తునక పట్టువడ్తదో అది మారిన వైరస్ మిగుల్తది, మారనిది సస్తది. దానికి తెలివుండి కాదు, తప్పించుకున్నదే పెరుగుతది, అంతే.

జపాన్‌ల బీ51 రకం మస్తు మందికి ఉంటది. ఒకప్పుడు అది వాళ్లను కాపాడింది. 2009ల నేచర్ పత్రికల అచ్చయిన పరిశోధన ఏం జెప్పిందంటే, దాన్ని తప్పించుకునే మార్పు ఆ జన్యువు లేనోళ్ల ఒంట్లున్న వైరస్‌ల గూడ బాగ పాకింది. అంటే ఒకరి ఒంట్ల నేర్సిన ఎత్తు ఇంకొకరికి అంటుకుంటున్నది.

ఇగ బోట్స్‌వానా ముచ్చట. 2014ల ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త ఫిలిప్ గౌల్డర్ బృందం ఆ దేశాన్ని దక్షిణాఫ్రికాతోని పోల్చి సూసింది. బోట్స్‌వానాల బీ57 జన్యువు కాపాడే గుణం పోయింది. కానీ తప్పించుకునుడు వైరస్‌కు ఉత్తగ రాలే, అక్కడ అది పెరిగే జోరు తగ్గింది. "బలహీనపడ్డది" అనే మాటకు మూలం గిదే. అయితే గా తగ్గుదల ఎట్లొచ్చింది? పెద్దోళ్లల్ల అయిదుగురిల ఒకరికి సోకిన దేశమది. మందులందక ముందు ఎందరి ఒంట్లకెళ్లి పోయొచ్చిందో! దాన్ని ప్రకృతి వరం అంటే నాకు కడుపు మండుతది.

పైగ వైరస్ ఎప్పుడూ మెత్తబడాలనే రూలేం లేదు. నెదర్లాండ్స్‌ల ఇంకింత గట్టి రకం తిరుగుతున్నదని 2022ల సైన్స్ పత్రికల వచ్చింది. ఆ రకం సోకినోళ్లల్ల సీడీ4 కణాలు రెండింతల జోరుతోని పడిపోయినయి. సంతోషమేందంటే, మందులు దాని మీద గూడ పన్జేస్తున్నయి.

గోలీ ఒకపూట ఏసి రెండుపూటలు ఇడిస్తే గదే ఆట మందు మీద మొదలైతది. మందును తట్టుకున్న వైరస్సే మిగుల్తది. కొన్నిసార్లు తప్పు ఏసుకునెటోళ్లది గాదు. 2022 జులైల ఢిల్లీల, గోలీలు దొరుకుతలెవ్వని హెచ్‌ఐవీతోని బతికేటోళ్లు నాకో ఆఫీసు కాడ ధర్నాకు కూసున్నరు. మీ జిల్లా ఏఆర్‌టీ సెంటర్‌ల ఎన్ని రోజుల గోలీలు ఇస్తున్నరో, స్టాకు ఎంతున్నదో అడుగుండ్రి.