ఉచిత సర్వర్‌కూ ఉండాలి సరుకుల చిట్టా

జమ్‌షెడ్‌పూర్‌లో ఉక్కు ఎక్కడ పుడుతుందని అడిగితే ఎవరైనా కొలిమి వైపే చూపిస్తారు. లోపలి సంగతి తెలిసినవాళ్లు నోవాముండి ఇనుప గనుల గురించీ, ఝరియా బొగ్గు గురించీ కూడా చెబుతారు. ఏ ముడిసరుకు ఎక్కణ్నుంచి, ఏ నాణ్యతతో వస్తోందో లెక్క లేకుండా కర్మాగారం నడవదు. వెబ్ అప్లికేషన్లు నడిపే ఆఫీసుల్లో అలాంటి లెక్క అడిగి చూడండి. చాలాచోట్ల మౌనమే సమాధానం.

లైసెన్సు రుసుముల బెడద తప్పించుకోవాలంటే విండోస్ సర్వర్ల నుంచి లైనక్స్‌కు మారడం మంచి మార్గమే. ప్రభుత్వ విభాగాలు ఓపెన్ సోర్స్‌ను తప్పనిసరిగా పరిశీలించాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. అయితే ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు సర్వర్ మార్చి చూడు అని కూడా అనేవారేమో. విండోస్‌లో ఫైలు పేరు పెద్దక్షరాల్లో ఉన్నా చిన్నక్షరాల్లో ఉన్నా ఒకటే. లైనక్స్‌కు అవి రెండు వేర్వేరు ఫైళ్లు. నిన్నటిదాకా కనిపించిన బొమ్మలు మాయమవుతాయి. కొత్త సర్వర్‌తో కొత్త పీహెచ్‌పీ వస్తుంది. 2015 డిసెంబర్‌లో వచ్చిన 7.0 వెర్షన్‌లో పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను పూర్తిగా తీసేశారు. వాటిని నమ్ముకుని రాసిన ప్రోగ్రాము డేటాబేస్ గడప దగ్గరే ఆగిపోతుంది.

జమ్‌షెడ్‌పూర్ బర్మామైన్స్‌లో ఉన్న జాతీయ లోహశోధనశాల తన శాస్త్రవేత్తల పరిశోధన పత్రాలను ఈప్రింట్స్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో భద్రపరుస్తోంది. బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో తయారైన ఈప్రింట్స్ నడవాలంటే పెర్ల్ భాష, దాని మాడ్యూళ్లు, అపాచీ, మైఎస్‌క్యూఎల్ కావాలి. ఇలాంటి గొలుసులో ఏ ఒక్క లింకు పాతబడినా ఏళ్ల తరబడి కూడబెట్టిన జ్ఞానానికి తలుపు మూసుకుపోవచ్చు. అందుకే దీన్ని కంప్యూటర్ గది గొడవ అని వదిలేయడానికి లేదు.

ప్రమాదం ఊహ కాదు. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల చిన్న ప్యాకేజీని దాని రచయిత ఉపసంహరించుకుంటే ప్రపంచవ్యాప్తంగా ఎన్నో ప్రాజెక్టుల పని నిలిచిపోయింది. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫర్‌జేలో లోపం బయటపడినప్పుడు దాన్ని సరిదిద్దడం కంటే అది తమ దగ్గర ఎక్కడెక్కడ ఉందో వెతకడమే చాలా సంస్థలకు పెద్ద పనైంది. 2024 జూన్ 30తో సెంట్‌ఓఎస్ 7కు మద్దతు ముగిసింది. దాన్నే నమ్ముకున్నవాళ్లు మళ్లీ మూటాముల్లె సర్దుకోవాల్సి వచ్చింది.

మందు కష్టమైనదేమీ కాదు. మారడానికి ముందే ఏ లైబ్రరీ, ఏ వెర్షన్, ఎవరు నిర్వహిస్తున్నారు, మద్దతు ఎప్పటిదాకా అన్నది రాసుకోవాలి. వెర్షన్లను లాక్ ఫైలులో బిగించాలి. ప్రయోగ సర్వర్‌పై పరీక్షించాకే అసలుదాన్ని కదిలించాలి. తర్వాత చిట్టాను తాజాగా ఉంచే బాధ్యత ఒకరికి అప్పగించాలి. లైసెన్సు మీద మిగిలిన డబ్బులో కొంత ఈ పనికే కేటాయించాలి. కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ కూడా 2024లో సాఫ్ట్‌వేర్‌కు బిల్ ఆఫ్ మెటీరియల్స్ ఎలా ఉండాలో మార్గదర్శకాలిచ్చింది. ఆదిత్యపూర్‌లో విడిభాగాలు చేసే యూనిట్లకు ఆ మాట కొత్త కాదు. బోల్టుకు పాటించే నియమాన్ని ప్రోగ్రాముకూ పాటిస్తే సరిపోతుంది.