ఆరు శాతం మాట, ఆడపిల్ల ఖాతా

స్వతంత్ర భారత తొలి విద్యామంత్రి మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ జయంతి నవంబరు 11న జాతీయ విద్యా దినోత్సవం. ఆయనను తలచుకొనే వేళ, ప్రభుత్వం చదువుకు ఎంత వెచ్చిస్తున్నదని అడగడం సముచితమే. ఈ మాసం మన లెక్కను పొరుగున ఉన్న బంగ్లాదేశ్ లెక్క పక్కన పెట్టి చూద్దాము.

జాతీయాదాయంలో 6 శాతం విద్యకు కేటాయించాలని కొఠారీ కమిషన్ 1966లో సిఫారసు చేసింది. 2020 నాటి జాతీయ విద్యా విధానం మళ్ళీ అదే 6 శాతాన్ని లక్ష్యంగా రాసుకున్నది. 2017-18లో కేంద్ర, రాష్ట్రాల ఖర్చంతా కలిపినా స్థూల దేశీయోత్పత్తిలో 4.43 శాతమేనని అందులోనే ఒప్పుకున్నది. బంగ్లాదేశ్ వెచ్చించేది ఇంచుమించు 2 శాతం. అంకెలను మాత్రమే చూస్తే మనమే మెరుగు.

అయితే ఆ కొద్దిపాటి సొమ్ములో నుంచే ఆ దేశం చేసిన ఒక పని ఉన్నది. 1994 నుంచి, ప్రపంచ బ్యాంకు వంటి సంస్థల సహాయంతో, గ్రామాలలో ఆరు నుంచి పది తరగతులు చదివే బాలికలకు ఉపకారవేతనం ఇవ్వసాగింది. ఫీజు బడికి చేరేది. వేతనం మాత్రం తండ్రి చేతికి కాదు, బాలిక పేరిట తెరిచిన బ్యాంకు ఖాతాలోకే వెళ్ళేది. ప్రభుత్వ గుర్తింపు గల మదరసాలలోని బాలికలూ ఇందుకు అర్హులే. షరతులు మూడు: 75 శాతం హాజరు, పరీక్షలలో 45 శాతం మార్కులు, పదవ తరగతి ముగిసేదాకా పెళ్ళి కాకుండా ఉండడం.

మూడవ షరతు దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము. తొందరపడి వచ్చిన సంబంధాన్ని వెనక్కి పంపడానికి ఒక పేద తండ్రికి అది మర్యాదైన సాకు అయి ఉంటుంది! బాల్యవివాహాలు అక్కడ నేటికీ తక్కువేమీ కావు, ఆ మాట దాచనవసరం లేదు. కానీ ఉన్నత పాఠశాలలలో బాలికల సంఖ్య కొన్నేళ్ళలోనే బాలురతో సమానమై, తరువాత వారిని మించిపోయింది. 2 శాతంతో సరిపెట్టడం వల్ల కలిగే కష్టాలూ అక్కడ ఉన్నాయి. తరగతి గదులు కిక్కిరిసి ఉంటాయి, చదువు ఖర్చులో సగానికి మించి కుటుంబాలే మోస్తాయి. ఆ శాతం ఎవరికీ ఆదర్శం కాదు.

మన దేశంలోనూ 2008లో మైనారిటీ విద్యార్థులకు ప్రీ-మెట్రిక్ ఉపకారవేతనం మొదలైంది. అందులో 30 శాతం బాలికలకే. 2022లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వారికి దానిని నిలిపివేశారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ తరగతుల చదువు ఎలాగూ ఉచితమే కదా అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఫీజు ఉచితమే, నిజమే. నోటుబుక్కులు, చెప్పులు, ఆటో కిరాయి ఏ చట్టం కింద ఉచితమో మాకు తెలియదు.

ఆ శీతాకాలంలో, సాయంత్రం మా వద్ద ఖుర్ఆన్ నేర్చుకొని పగలు సర్కారు బడికి వెళ్ళే ఒక అమ్మాయి తల్లి దరఖాస్తు కాగితాలు పట్టుకొని వచ్చింది. ఆదాయ ధ్రువపత్రం కోసం రెండు రోజుల కూలి వదులుకొని తిరిగిందట. "హజరత్, ఇక రాదా?" అని అడిగింది. తొమ్మిదవ తరగతికి వచ్చాక చూద్దామమ్మా అన్నాము. అమ్మాయి అప్పుడు ఆరవ తరగతి. ఆమె కాగితాలను మడిచి, తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకొని వెళ్ళింది.