జరిమానాతో, కయిరుతో తాగుడు మానదు

ఇది కొంచెం పొడుగాటి రాత. తెలుగు అక్షరాలు రాని మన పిల్లలకు ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా చదివి వినిపించండి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో పెట్టబోయే తీర్మానం నకలు అందరికీ వచ్చింది. తాగి గొడవచేసిన సభ్యుడికి ఐదువేలు జరిమానా. రెండోసారి దొరికితే సభ్యత్వం రద్దు. మానేస్తానని ముందుకొచ్చినవాణ్ణి సంఘం ఖర్చుతోనే గుడికి తీసుకెళ్ళి కయిరు కట్టించి, ఆ రోజునుంచి చుక్క ముట్టకుండా ఇంట్లోవాళ్ళు కాపలా కాయాలట. కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ వైపు సభ్యులం కొందరం దీనికి ఒప్పుకోవడం లేదు. పెద్దల మీద గౌరవం లేక కాదు. ఈ తీర్మానం మనుషుల్ని చంపుతుంది కాబట్టి.

పెద్ద మాట అన్నామనుకుంటున్నారా? మూడో అంశమే తీసుకోండి. ఏళ్ళ తరబడి పొద్దున లేవగానే క్వార్టర్ సీసా తెరిచేవాడికి ఆ సారాయికి మెదడు అలవాటుపడిపోయి ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా ఆపితే ఆరేడు గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమట పోస్తుంది, నిద్ర పట్టదు. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండోరోజు, మూడోరోజు కొందరికి అసలు ముప్పు మొదలవుతుంది. లేని పురుగులు గోడమీద పాకుతున్నాయంటాడు, పెళ్ళాన్ని గుర్తుపట్టడు, జ్వరం వస్తుంది, గుండె దడదడలాడుతుంది. డాక్టర్లు దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. సరైన వైద్యం లేని రోజుల్లో ఇది వచ్చినవాళ్ళలో మూడోవంతు దాకా పోయేవాళ్ళు. ఇప్పుడు ఆసుపత్రిలో పెట్టి చూస్తే నూటికి ఐదుగురి లోపే.

మరి మనం ఏం చేస్తున్నాం? కయిరు కట్టించి, ఇంటికి తెచ్చి, గదిలో పెట్టి గొళ్ళెం వేస్తున్నాం. మూడోరాత్రి వాడు అరిస్తే "గాలి సోకింది" అని మళ్ళీ గుడికి పరిగెత్తుతున్నాం. తెల్లారితే "హార్ట్ అటాక్" అని చావుకబురు పంపుతున్నాం. అలాంటి చావులకు మనమందరం పూలమాల పట్టుకుని వెళ్ళాం. మానేసిన మూడో రోజున గుండె ఎందుకు ఆగిందని ఎవరం అడగలేదు.

దేవుడిమీద మాకేం కోపం లేదు. కయిరు కట్టుకున్నాక మానేసి బాగుపడ్డవాళ్ళు మనలోనే ఉన్నారు, కాదనం. కట్టుకునేవాణ్ణి ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి అంటున్నాం, అంతే. వణుకును, ఫిట్స్‌ను ఆపడానికి డయజెపామ్, లోరాజెపామ్ లాంటి మాత్రలు కొద్దిరోజులు ఇచ్చి మెల్లగా తగ్గిస్తారు. బి1 విటమిన్ సూదిమందు వేస్తారు. ఈ బి1 సంగతి ముఖ్యం. తాగేవాడు అన్నం సరిగా తినడు, ఒంట్లో బి1 ఉండదు. మన ఊళ్ళలో నీరసమంటే చాలు, ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు. బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. చూపు చెదురుతుంది, నడక తప్పుతుంది, తర్వాత జ్ఞాపకమే పోవచ్చు. కాబట్టి క్లినిక్‌లో "మా అన్న రోజూ తాగుతాడు" అని సిగ్గుపడకుండా చెప్పాలి. జరిమానా భయం పెడితే ఎవరు చెబుతారు?

బస్టాండు గోడలమీద, ఫోన్లో కనబడే "తాగుడు మాన్పించే పొడి" గురించి కూడా ఒక మాట. ఆ పొట్లంలో ఏముందో అమ్మేవాడికే తెలియాలి. ఇంకొందరు డైసల్ఫిరామ్ మాత్రలు తెచ్చి, ఆయనకు తెలియకుండా సాంబారులో కలుపుతున్నారు. 1948లో డెన్మార్క్ వైద్యులు బయటపెట్టిన మందు అది. మంచి మందే, కాని తాగేవాడికి చెప్పి, ఆయన ఒప్పుకుంటేనే ఇవ్వాలి. ఈ మాత్ర ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది, ప్రాణం కూడా పోవచ్చు. అక్కల్లారా, వదినల్లారా, మీ కష్టం మాకు తెలుసు. అయినా ఈ పని చెయ్యకండి.

మనవైపు ఇంకో సంగతి ఉంది. మన భాషలో మందు అంటే వైద్యం, మందు అంటే బ్రాందీ, మందు అంటే పటాకులో నింపేదీ. సాత్తూరు, శివకాశి పటాకుల పనిలో ఉన్న ఇళ్ళకు ఈ మూడూ ఒకేచోట కలుస్తాయి. పొద్దున చెయ్యి వణికేవాడు మందు కలిపే గదిలో అడుగుపెడితే ముప్పు వాడొక్కడికే కాదు, పక్కన కూర్చున్న ఆడవాళ్ళకు కూడా. వాణ్ణి సంఘంనుంచి తీసేస్తే ఆ చెయ్యి వణకడం ఆగుతుందా?

"సంఘం పరువు" అంటున్నారు కొందరు. పరువు సంగతి మాట్లాడుకుందాం. కళ్ళకుర్చిలో 2024 జూన్‌లో మిథనాల్ కలిసిన సారా తాగి అరవైమందికి పైగా చనిపోయారు. వాళ్ళు కూలోళ్ళు, మనం కాదు అని మన గ్రూపులోనే ఒకరు రాశారు. టాస్మాక్ కౌంటరులో కొన్న సీసాకైతే కాలేయం పాడవదా? 2023-24లో టాస్మాక్ రాబడి 45 వేల కోట్లు దాటింది. అందులో మన కల్యాణమండపం వెనక తెరిచిన సీసాల డబ్బు కూడా ఉంది. పెళ్ళికొడుకు తరపువాళ్ళకు సీసాలు సర్దేటప్పుడు అడ్డురాని పరువు, ఒకడు కాలేయం చెడి పసుపుకళ్ళతో వస్తే అడ్డొస్తుందా?

పిల్లల సంగతి ఇంకా దిగులుగా ఉంది. తాగరు కాబట్టి మంచివాళ్ళనుకుంటున్నాం. పెదవికింద కూల్ లిప్ పెట్టుకునే పిల్లలున్నారు, నొప్పిమాత్రలు కరిగించి సూదితో ఎక్కించుకునేవాళ్ళున్నారు. మింగడానికి చేసిన మాత్ర రక్తనాళంలోకి పోతే నరం మూసుకుపోతుంది, చెయ్యి చీము పడుతుంది. ఒకే సూది పదిమంది వాడితే హెపటైటిస్ సి, హెచ్ఐవి. జరిమానా అంటే ఈ పిల్లలు ఇంకా లోపలికి దాక్కుంటారు.

చట్టం ఏమంటోందో కూడా పెద్దలు చూడాలి. 2017 మానసిక ఆరోగ్య చట్టం తాగుడు, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితిని జబ్బుగానే లెక్కిస్తుంది. రోగిని గొలుసుతో కట్టకూడదంటుంది. ఇలాంటి రోగుల్ని ఉంచుకునే కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉండాలంటుంది. ఊరి బయట తోటలో, బోర్డు లేని ఇంట్లో నెలకింతని తీసుకుని మనుషుల్ని బంధించేచోటికి సంఘం పేరుతో ఎవర్నీ పంపొద్దు. ముందు రిజిస్ట్రేషన్ కాగితం అడగండి.

తీర్మానానికి మేం పెట్టే సవరణ ఇది. జరిమానా, సభ్యత్వం రద్దు అంశాలు రెండూ తీసెయ్యాలి. కయిరు కట్టించే ఖర్చుకు రాసిన డబ్బును, మొదటి వారం రోగి పక్కన ఆసుపత్రిలో ఉండే మనిషికి కూలి, ఆటో, తిండి కింద ఇవ్వాలి. కోవిల్‌పట్టి ప్రభుత్వాసుపత్రికి, 2022లో మొదలైన విరుదునగర్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి వెంట వెళ్ళడానికి ఊరికి ఇద్దరు సభ్యుల పేర్లు రాసుకోవాలి. అందులో ఒకరైనా ఆడమనిషి ఉండాలి. మత్తు మాన్పించే జాతీయ నంబరు 14446, మనసు బాగాలేనప్పుడు మాట్లాడే నంబరు 14416 మండపం గోడమీద దాతల పేర్ల పక్కనే రాయించాలి. సంబంధాలు చూసే కమిటీవాళ్ళు, వైద్యం చేయించుకున్న ఇంటిమీద మచ్చ వెయ్యకూడదు. దాచిపెట్టినవాడి జాతకం శుభ్రం, చెప్పినవాడిది చెడ్డది అయితే ఎవరు చెప్తారు?

ఈ సవరణకు సంతకం పెట్టేవాళ్ళు కింద పేరు, ఊరు రాయండి. వద్దనేవాళ్ళు కూడా ఎందుకు వద్దో ఇక్కడే రాయండి, చాటుగా ఫోన్లు చెయ్యకండి. ఇంట్లో ఎవరైనా ఈ వారమే మానడానికి సిద్ధపడుతుంటే సమావేశం దాకా ఆగకండి, మాలో ఎవరికైనా చెప్పండి. రాత్రైనా సరే, బండి వేసుకుని వస్తాం.