ముద్ర లేదంటే చేసినోడు లేడని కాదు

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈరోజు ఒక కత్తి గురించి మాట్లాడుకుందాం.

పోయిన ఎండాకాలం మా గూడేనికి బండి మీద ఒకాయన వచ్చిండు. పాత ఇత్తడి, పాత ఇనుము కొంటానన్నాడు. మా పెద్దమ్మ ఇంటి చూరులో చెక్కి ఉన్న కత్తిని తీసి అటూ ఇటూ తిప్పి చూసిండు. "దీని మీద ముద్ర లేదు, కంపెనీ పేరు లేదు. ఇనుము రేటే వస్తదమ్మా" అన్నాడు. పెద్దమ్మ ఇచ్చేసింది. నెల తిరక్కముందే అదే కత్తి నా ఫోన్‌లో కనబడింది, పిడి మీద కాలిన మచ్చతో సహా. కింద ఏం రాశారో తెలుసా? "పాతకాలపు మిలిటరీ బాకు, ముద్ర లేనిది, చాలా అరుదు." ధర పెద్దమ్మకు ఇచ్చినదానికి ఎన్నో రెట్లు.

ముద్ర లేకపోవడం కొనేటప్పుడు లోపం, అమ్మేటప్పుడు గొప్ప. ఇదెట్లా కుదిరిందో తెలుసుకుందామని ఈ వ్యాపారం గురించి కొంత చదివాను. మనకు పనికొచ్చేది అందులో చాలా ఉంది.

పాత మిలిటరీ బాకులు సేకరించేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. వాళ్లు బాగా వెతికేవాటిలో ఒకటి రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కమాండోలు వాడిన బాకు. షాంఘై పోలీసుల్లో పనిచేసిన ఫెయిర్‌బెయిర్న్, సైక్స్ దాని నమూనా ఇచ్చారు. 1941 మొదట్లో విల్కిన్సన్ స్వోర్డ్ కంపెనీ తయారుచేసింది. తొలి బాకుల అలుగు మీద కంపెనీ పేరు ఉంటుంది. యుద్ధం ముదిరి ఎక్కువ బాకులు కావాల్సి వచ్చాక వేరే తయారీదారులూ చేశారు. వాటిలో చాలావాటి మీద ఎవరి పేరూ లేదు. కొన్నింటికి పిడి పైభాగంలో అచ్చు నంబరుగా ఒక చిన్న అంకె ఉంటుంది, అంతే. యుద్ధం అయిపోయాక కూడా అదే నమూనా చేస్తూనే వచ్చారు, ఇప్పటికీ అమ్ముతున్నారు. మరి 1943 నాటిదేదో, నిన్నమొన్నటిదేదో ఎట్లా తేలుస్తారు?

వస్తువునే చదువుతారు. అడ్డుపట్టీ ఎస్ ఆకారంలో వంగి ఉంటే మొదటి రకం. అడ్డుపట్టీ తిన్నగా ఉండి పిడి మీద గరుకు చెక్కుడు ఉంటే రెండోది. పోతపోసిన పిడి చుట్టూ రింగులుంటే మూడోది. ఆ తర్వాత కొలతలు, బరువు, ఒర, పిడి చివరి నట్టు చూస్తారు. అరుగుదల చేయి పట్టేచోట ఉందా, లేక ఆకురాయితో కావాలని అరగదీశారా అని చూస్తారు. తుప్పు ఏళ్ల తరబడి పట్టిందా, యాసిడ్‌తో తెప్పించారా అని చూస్తారు. చివరికి అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో అడుగుతారు.

ఇంకో సంగతి గమనించండి. దొంగ సరుకు చేసేవాళ్లకు అన్నిటికన్నా సులువైన పని ముద్ర కొట్టడమే. పాత అలుగు మీద కొత్తగా ముద్ర కొడితే ధర పెరుగుతుంది. చుట్టూ లోహం నల్లబడి, ముద్ర గుంటలో మాత్రం కొత్తగా మెరిస్తే అనుమానించాల్సిందే. సేకరించేవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే మాట ఒకటుంది: కథను కొనకు, కత్తిని కొను.

పేరు లేని బాకు కోసం వాళ్లు ఇంత ఓపిక పడుతున్నారు. మన కత్తికి మాత్రం "ట్రైబల్, చేసినవారు తెలియదు" అని ఒక చీటీ అతికించి వదిలేస్తారు. ఎవరడిగారని తెలియలేదు? మా పెద్దమ్మను అడిగితే ఏ ఊరి కమ్మరి చేసిండో, ఏ పంటకు ఎన్ని గింజలు కొలిచి ఇచ్చారో చెప్పేది. అది ఏ సైన్యం కత్తీ కాదు. వెదురు నరికింది, పొదలు కొట్టి దారి చేసింది. దాన్ని మిలిటరీ బాకు అన్నోడు అబద్ధం అమ్ముతున్నాడు.

ఇది కొత్తగా జరిగేది కూడా కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో తయారయ్యే ఉక్కును పర్షియా వ్యాపారులు వచ్చి కొనుక్కుపోయేవారని వాయ్సే అనే ఆంగ్లేయుడు రాశాడు. అది 1832లో అచ్చయింది. మన దక్కను ఉక్కుతో చేసిన అలలు తేలే కత్తులను లోకం డమాస్కస్ అని ఒక దూరపు నగరం పేరుతో పిలిచింది. మూసలో ఇనుము కరిగించినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

"అయితే ముసలోళ్లను అమ్ముకోవద్దంటావా అన్నా?" అని మీరడగొచ్చు. అట్లా అనను. పెద్దమ్మ కత్తి పెద్దమ్మది, ఆమెకు డబ్బు అవసరం. కానీ ఏం అమ్ముతోందో తెలిసి అమ్మాలి. చట్టం కూడా తెలుసుకోండి. చారిత్రక, కళా విలువ ఉండి నూరేళ్లు దాటిన వస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. ప్రైవేటు మనిషి వాటిని దేశం దాటించకూడదు. ఈసారి గూడేనికి బండి మీద ఎవరన్నా వస్తే, ముందు లైసెన్సు చూపించమనండి.

డిగ్రీ చదివిన మనం చేయాల్సిన పని ఒకటుంది. ఇంటింటికీ పోయి పాత కత్తి, గొడ్డలి, బాణపు ములికి ఏదున్నా ఫోటో తీయండి, పక్కన స్కేలు పెట్టి. పొడవు, బరువు రాయండి. పిడి ఏ చెక్కదో, పొన్ను ఇత్తడిదో ఇనుముదో, లక్కతో బిగించారో లేదో చూడండి. సమ్మెట దెబ్బల గుర్తులు చూడండి. లారీ కమాను పట్టీ సాగగొట్టి చేసిందైతే అది లారీలు రాకముందు కత్తి కాదు, ఎవరెంత కథ చెప్పినా సరే. కొమురం భీం పట్టుకున్నదని మనోళ్లు చెప్పినా ఆధారం అడగండి. మనం దొంగ కథ చెప్తే రేపు మన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఇసుకతో, నిమ్మకాయతో తోమి మెరిపించొద్దు. ఆ నలుపే దాని వయసుకు సాక్ష్యం. రీల్స్‌లో కత్తి తిప్పొద్దు. మనోళ్ల చేతిలో కత్తి కనబడితే కేసు ఎంత తొందరగా పడుతుందో మీకు నేను చెప్పాలా?

అన్నిటికన్నా ముందు పెద్దోళ్లను కూర్చోబెట్టి, వాళ్ల గొంతు రికార్డు చేయండి. ఎవరు చేశారు, ఏ కొలిమిలో, ఎవరి కోసం? కమాండో బాకుకు కంపెనీ కాగితాలున్నాయి, పుస్తకాలున్నాయి. మన కత్తికి ఉన్న కాగితం మన అవ్వాతాతల నోరే. కత్తి పోతే బాధే, కానీ ఆ నోరు మూతపడితే కత్తి ఇంట్లోనే ఉన్నా అది పేరులేనిదే.

మా పెద్దమ్మ కత్తి ఇక రాదు. దాన్ని చేసిన కమ్మరి పేరు మాత్రం మొన్న నోట్‌బుక్కులో మొదటి పేజీలో రాసుకున్నా. మీ ఊరి పేజీ మీరు మొదలుపెట్టండి.

జై ఆదివాసీ.