మేము పోయాక వీడి గతేమిటి?

ఒక చిన్న పట్టణం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఊరూ, పేరూ వెయ్యవద్దన్నారు.

"డాక్టరుగారికి నమస్కారాలు. మా అబ్బాయికి ఇరవై రెండేళ్ళు. పుట్టినప్పుడే డౌన్ సిండ్రోమ్ అని చెప్పారు. పద్దెనిమిదో ఏడు దాకా ప్రత్యేక పాఠశాలకు వెళ్ళాడు. పేరు రాస్తాడు, ఇరవై దాకా అంకెలు చెబుతాడు. స్కూలు మానేశాక నాలుగేళ్ళుగా ఇంట్లోనే వున్నాడు. పొద్దస్తమానం టీవీ, సెల్‌ఫోను. ఒళ్ళు బాగా వచ్చింది. రాత్రి నిద్రపోడు, పగలు లేవడు. ఈమధ్య కోపం ఎక్కువైంది. మొన్న అన్నం కంచం విసిరికొట్టాడు. స్నానం నేనే చేయిస్తాను, అన్నం నేనే కలిపి పెడతాను. మా అన్నయ్య తన కిరాణా కొట్టుకు పంపించమంటున్నాడు. నలుగురూ నవ్వుతారు, వద్దంటారు మావారు. ఆయనకు అరవై రెండు, నాకు యాభై ఆరు. వీడి బుర్ర పెరగడానికి టానిక్కులేమైనా వున్నాయా? మేము పోయాక వీడి గతేమిటి?"

అమ్మా, మీరు రెండు ప్రశ్నలు వేశారు. మొదటిదానికి జవాబు తేలిక. అలాంటి టానిక్కు లేదు. మామూలుగా మన శరీరంలోని ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములు వుంటాయి. డౌన్ సిండ్రోమ్ వున్నవారిలో 21వ రకం క్రోమోజోము ఒకటి అదనంగా చేరి 47 అవుతాయి. ఈ సంగతి 1959లో తెలిసింది. ఆ అదనపు క్రోమోజోమును తీసివేసే మందు ఇంతవరకూ లేదు. ఇది మీ పాపమూ కాదు, మీవారి పాపమూ కాదు. బుర్ర పెంచుతామని ఎవరైనా సీసాలు అమ్మితే కొనకండి.

రెండో ప్రశ్నకు జవాబు కొంచెం పెద్దది. అమెరికాలో 1983 ప్రాంతంలో డౌన్ సిండ్రోమ్ వున్నవారి సగటు ఆయుర్దాయం పాతికేళ్ళు. గుండె ఆపరేషన్లు, మంచి మందులు వచ్చాక అది అరవై దాకా పెరిగింది. మన దగ్గర కూడా సరైన వైద్యం అందిన పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు, నడివయస్సుకు చేరుతున్నారు. అంటే మీ అబ్బాయి ముందు ఇంకా ఎన్నో ఏళ్ళున్నాయి. అన్నేళ్ళూ టీవీ ముందు గడవవు. అందుకని "వీణ్ణి ఎవరు చూస్తారు" అన్న ప్రశ్నతోపాటు "వీడు ఏం చెయ్యగలడు" అన్న ప్రశ్న కూడా ఈరోజే వేసుకోవాలి.

మీరు చెప్పిన లక్షణాలు చూడండి. ఒళ్ళు రావడం, పగలు నిద్ర, రాత్రి జాగారం, కోపం. ఇరవై రెండేళ్ళ ఏ కుర్రవాణ్ణయినా నాలుగేళ్ళు ఇంట్లో కూర్చోబెట్టి అన్నం కలిపి పెడితే ఇవే వస్తాయి. కంచం విసిరికొట్టడం కూడా ఒక మాటే. చెప్పడం రానివాడు అలా చెబుతాడు. రోగం నయమయ్యాక పని అని చాలామంది అనుకుంటారు. మీ అబ్బాయి విషయంలో పని కూడా వైద్యంలో ఒక భాగం.

ముందు వంటి సంగతి

పనికి పెట్టబోయే ముందు ఒకసారి డాక్టరుకు చూపించండి. డౌన్ సిండ్రోమ్ వున్నవారిలో థైరాయిడ్ గ్రంథి మందగించడం ఎక్కువ. అలాంటప్పుడు ఒళ్ళు వస్తుంది, చలి వేస్తుంది, మలబద్ధకం వుంటుంది, మనిషి మందకొడిగా తయారవుతాడు. ఇంట్లోవాళ్ళు అది బద్ధకమనుకుంటారు. ఏడాదికొకసారి రక్తపరీక్ష చేయించాలి. వుంటే రోజుకొక మాత్రతో అదుపులో వుంటుంది.

నిద్రలో గట్టిగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందేమో గమనించండి. వీరికి గొంతులో గాలి దారి ఇరుకు. రాత్రి సరిగా ఊపిరి ఆడకపోతే పగలు తూగుతారు, చికాకు పడతారు. దీనికి చికిత్స వుంది.

కళ్ళూ, చెవులూ తప్పక పరీక్ష చేయించండి. నా దగ్గరకు వచ్చిన ఒక కుర్రవాణ్ణి ఇస్త్రీ కొట్లో బట్టలు మడతపెట్టే పనికి పెట్టారు. వారం తిరక్కుండా "చెప్పిన మాట వినడండీ" అని యజమాని వెనక్కి పంపేశాడు. చూస్తే రెండు చెవుల్లోనూ గుబిలి రాయిలా గట్టిపడి వుంది. తీసివేశాక మాట వినడం మొదలుపెట్టాడు, మళ్ళీ పనిలో చేరాడు.

మరొక జాగ్రత్త. వీరిలో కొందరికి మెడ పైభాగంలో ఎముకల మధ్య పట్టు సడలి వుంటుంది. మెడనొప్పి, నడక తడబడడం, చేతుల్లో పట్టు తగ్గడం, మూత్రం ఆపుకోలేకపోవడం కొత్తగా కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి. నెత్తిమీద బరువులు మోసే పనులు వద్దు. మూర్ఛలు వున్నవారిని పొయ్యి, యంత్రాలు, ఎత్తైన చోట్లు, నూతిగట్టు దగ్గర పనికి పెట్టకూడదు. మాత్ర వేళ తప్పకూడదు.

ఇంట్లో మొదలుపెట్టండి

రేపటి నుంచి అన్నం కలిపి పెట్టడం మానండి. కింద పోసుకుంటాడు, పోసుకోనివ్వండి. స్నానం తనే చెయ్యాలి, మీరు తలుపు బయట వుండండి. తన పని తాను చేసుకోలేనివాడికి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ప్రేమ కొద్దీ మనం చేసిపెట్టే ప్రతి పనీ వాళ్ళు నేర్చుకోకుండా పోయే పని.

ఆ తర్వాత ఇంటికి పనికొచ్చే ఒక్క పని అప్పగించండి. ఉదాహరణకు ఉతికి ఆరిన తువ్వాళ్ళు మడత పెట్టడం. మనకది ఒక పని. అతనికి ఆరు పనులు. తువ్వాలు చాపమీద పరచడం, రెండు కొసలు పట్టుకోవడం, ఎదుటి కొసలకు కలపడం, చేత్తో సాపు చెయ్యడం, మళ్ళీ మడవడం, దొంతిలో పెట్టడం. మొదటిరోజు అయిదు పనులు మీరు చేసి, ఆఖరిది, అంటే దొంతిలో పెట్టడం, అతనితో చేయించండి. "పని పూర్తి చేశావు" అని మెచ్చుకోండి. అది వచ్చాక ఆఖరి రెండూ. అలా వెనక నుంచి ముందుకు రండి. ప్రతిసారీ పని పూర్తి చేసిన సంతోషం అతనికే దక్కుతుంది. ప్రత్యేక విద్యలో శిక్షణ పొందినవారు వాడే పద్ధతి ఇదే.

లెక్క సరిగా రాదనుకున్నా దిగులు వద్దు. ఒక అట్టమీద పది గళ్ళు గీయండి. ఒక్కో గడిలో ఒక్కో అగ్గిపెట్టె పెట్టమనండి. గళ్ళన్నీ నిండితే పది. వాటిని ఒక సంచిలో వేయమనండి. లెక్కపెట్టే పని అట్ట చేస్తుంది, కట్టే పని అతను చేస్తాడు.

వారానికి రెండు గంటలు

ఇంట్లో ఒకటి రెండు పనులు కుదిరాక అతన్ని గడప దాటించండి. కొట్టు కంటె ముందు సేవ. మీ ఊళ్ళో గ్రంథాలయం వుంటే పాత పత్రికలు తేదీల వారీగా సర్దే పని, గుళ్ళో పూలు ఏరి బుట్టల్లో వేసే పని, అన్నదానంలో విస్తళ్ళు వేసే పని అడగండి. వారానికి రెండు రోజులు, రోజుకు ఒక గంట చాలు. రోజు మారకూడదు, వేళ మారకూడదు, పని మారకూడదు. అక్కడ అతన్ని తెలిసిన మనిషి ఒకరుండాలి. పనికి మొదలూ చివరా స్పష్టంగా వుండాలి.

దీనివల్ల ఏం లాభమని మీవారు అడగవచ్చు. ఉద్యోగానికి కావలసినవి చేతిపనితో అయిపోవు. వేళకు తయారు కావడం, అమ్మ కానివాళ్ళు చెప్పినా వినడం, తనవంతు వచ్చేదాకా ఆగడం, తప్పు చేస్తే మళ్ళీ చెయ్యడం కూడా కావాలి. ఇవి ఇంట్లో రావు. మరొక సంగతి. పుట్టినప్పటి నుంచీ అతనికి సాయం చేసినవాళ్ళే కాని, అతని సాయం పొందినవాళ్ళు లేరు. విస్తరి ముందు కూర్చున్న పెద్దాయన "చల్లగా వుండు నాయనా" అన్న రోజు ఇంటికి వచ్చిన మీ అబ్బాయి ముఖం చూడండి.

మొదటి రెండు వారాలు మీరు వెంట వెళ్ళండి. తర్వాత గుమ్మం దాకా. తర్వాత వీధి మలుపు దాకా. జేబులో పేరు, చిరునామా, ఫోను నంబరు రాసిన కార్డు పెట్టండి. ఎవరైనా తాకరాని చోట తాకినా, డబ్బు లాక్కున్నా "వద్దు" అని గట్టిగా అనడం, ఇంటికి వచ్చి చెప్పడం నేర్పండి. దీనికి సిగ్గుపడకండి.

కొట్టు, జీతం

ఆ తర్వాత మీ అన్నయ్యగారి కొట్టు. పూర్వం వైకల్యం వున్నవారికి ఏళ్ళ తరబడి విడిగా శిక్షణ ఇచ్చి, సిద్ధమయ్యాక ఉద్యోగం చూడాలనేవారు. చాలామందికి ఆ సిద్ధమయ్యే రోజు రాలేదు. అమెరికాలో 1980ల నుంచి మరొక పద్ధతి వాడుకలోకి వచ్చింది. ముందు నిజమైన పనిచోట చేర్చి, పక్కన ఒక శిక్షకుణ్ణి వుంచి, అక్కడే నేర్పుతారు. పని వస్తున్నకొద్దీ శిక్షకుడు పక్కకు తప్పుకుంటాడు. ఇలాంటి పిల్లలు ఒకచోట నేర్చినదాన్ని ఇంకొకచోట అన్వయించుకోవడం కష్టం కనుక ఈ పద్ధతి మంచిది. కొట్లో అన్నయ్యగారో, గుమాస్తాయో ఆ శిక్షకులు కావచ్చు. చిల్లర ఇచ్చే పని కాక, పొట్లాలు సర్దే పని ముందు ఇవ్వమనండి.

ఒక సూత్రం మాత్రం గుర్తుంచుకోండి. అందరూ ఉచితంగా చేసేచోట మీ అబ్బాయీ ఉచితంగా చెయ్యవచ్చు. ఇతరులు జీతం తీసుకునేచోట అతనికీ జీతం ఇవ్వాలి. "నేర్పుతున్నాం కదా" అని నెలల తరబడి ఊరికే చేయించుకునేవాళ్ళుంటారు. నేర్పే గడువు ఇన్నాళ్ళు, తర్వాత జీతం ఇంత అని ముందే మాట్లాడుకోండి. మేనమామ అయినా సరే. ఆ డబ్బు అతని పేరున బ్యాంకులో వెయ్యండి. అందులో కొంత చేతికిచ్చి తనకు కావలసింది తననే కొనుక్కోమనండి.

నలుగురూ నవ్వుతారంటారా? 2023 నవంబరులో ఢిల్లీలో సుప్రీంకోర్టు ఆవరణలోనే మిట్టి కేఫ్ అనే ఫలహారశాల తెరిచారు. అందులో పనిచేసేవారు వైకల్యం వున్నవారే. న్యాయవాదులు వాళ్ళ చేతిమీదుగా టీ తాగుతున్నారు. నవ్వేవాళ్ళు ఒక వారం నవ్వుతారు. ఆ తర్వాత "ఏరా, ఇవాళ ఆలస్యమైందేం?" అని వాళ్ళే అడుగుతారు.

కాగితాల పని

జిల్లా ఆసుపత్రిలో పరీక్ష చేయించి వైకల్య ధ్రువపత్రం, యు.డి.ఐ.డి. కార్డు తీసుకోండి. మనవాళ్ళు సదరం సర్టిఫికెట్ అంటూ వచ్చింది ఈ పత్రాన్నే. 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం వున్నవారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం కేటాయించింది. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ వుంది. ఎన్.ఐ.ఈ.పి.ఐ.డి. అంటారు. మేధో వైకల్యం వున్నవారికి ఏ పని తగినదో అక్కడ పరీక్షించి చెబుతారు, శిక్షణ ఇస్తారు.

ఇక మీరు పోయాక అన్న భయం సంగతి. పద్దెనిమిదేళ్ళు నిండినవారికి తల్లిదండ్రులు దానంతటదే చట్టరీత్యా సంరక్షకులు కారు. నేషనల్ ట్రస్ట్ చట్టం 1999లో వచ్చింది. దాని కింద జిల్లా కలెక్టరు ఆధ్వర్యంలోని స్థానిక కమిటీకి దరఖాస్తు చేస్తే సంరక్షకుణ్ణి నియమిస్తారు. ఆ ట్రస్టు నడిపే నిరామయ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా వుంది. ఈ రెండూ మీరిద్దరూ ఆరోగ్యంగా వున్నప్పుడే పూర్తి చెయ్యండి.

అయితే సంరక్షకుడుగా వుండేందుకు ఎవరు ముందుకు వస్తారన్నది కాగితం మీద తేలేది కాదు. స్నానం చేయించి, అన్నం కలిపి పెట్టవలసిన మనిషిని తీసుకోవడానికి అయినవాళ్ళు కూడా జంకుతారు. పొద్దున్నే తనంతట తాను తయారై, పనికి వెళ్ళి, నెలకు నాలుగు రూపాయలు తెచ్చే మనిషికి ఏ ఇంట్లోనయినా చోటుంటుంది. ఊళ్ళో పదిమంది అతన్ని ఎరిగివుంటే ఆ పదిమంది కళ్ళూ అతన్ని కనిపెట్టుకుని వుంటాయి.

అన్నీ ఒక్కసారి మొదలుపెట్టకండి. ఈ వారం థైరాయిడ్, చెవులు, కళ్ళ పరీక్షలు చేయించండి. ఈ రాత్రి అన్నం మాత్రం అతన్నే కలుపుకోనివ్వండి.