కోతమిషను లెక్కలో పేట ఎక్కడ?

మాసూళ్ళు వచ్చాయంటే కోనసీమ కామందులది ఒకటే పాట. ఉపాధి పని వచ్చి కూలోళ్ళు సోమరులైపోయారు, మనుషులు దొరకట్లేదు, అందుకే మిషను తెచ్చుకున్నాం అంటారు. ఈ పాటని మన సంఘాల్లో కూడా కొందరు నమ్ముతున్నారు. కాబట్టి లెక్క తీద్దాం.

ఎకరం చేను కొయ్యాలంటే పది పన్నెండు మంది రోజంతా నడుం వంచాలి. తర్వాత పనలు ఎండాలి, కట్టలు కట్టాలి, కుప్ప వెయ్యాలి, నూర్చాలి, ఎగరబొయ్యాలి. మిషను ఇదంతా గంట, గంటన్నరలో చేసేస్తుంది. రైతుకి ఖర్చు తగ్గే మాట నిజమే. నవంబరు, డిసెంబరుల్లో తుపాను పొంచి ఉన్నప్పుడు పంట తొందరగా ఇంటికి చేరే మాటా నిజమే.

కానీ చేను పడిపోయి మడిలో నీళ్ళుంటే టైర్ల మిషను దిగదు. చైను మిషను కావాలి, దాని అద్దె ఎక్కువ. పడిన చేనుకి గంటలూ ఎక్కువే పడతాయి. పన మీద ఎండని ధాన్యం తేమతో వస్తుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. కళ్ళం లేని కౌలు రైతు రోడ్డు మీద ఆరబోస్తాడు, లేదా మిల్లరు చెప్పిన రేటుకి ఇచ్చేస్తాడు. 2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు, అంటే 75 కిలోల బస్తాకి 1,777. ఆ ధర చేతికందని కౌలు రైతుల్లో మనవాళ్ళు ఎందరో మీ పేటలోనే లెక్కపెట్టండి. మిషను మిగిల్చింది మిల్లు తింటోంది. మక్తా బస్తాలు మాత్రం తగ్గట్లేదు.

ఇక కూలి లెక్క. ఊడ్పు, కలుపు, కోత మన ఆడవాళ్ళ చేతుల్లోని పనులు. మిషను నడిపేది మగాడు, చాలాచోట్ల పైఊరివాడు. కోత పోయింది, దానితో పరిగ గింజలూ పోయాయి. గడ్డి నలిగిపోతే గేదెకి మేత కొనుక్కోవాలి.

2011 సార్వాకి కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టారు. గిట్టుబాటు ధర లేదన్నారు, మురుగు కాలవలు పూడిపోయాయన్నారు. న్యాయమైన మాటలే. వాటి పక్కనే ఉపాధి పనిని సేద్యానికి ముడిపెట్టమనీ అడిగారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. ఆ బీళ్ళలో పని పోయిన కూలి సంగతి ఎందరికి పట్టింది?

2025 డిసెంబరులో పార్లమెంటు పాత ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. వంద రోజుల్ని 125 చేశామంటూనే, విత్తులు, కోతల కాలంలో ఏడాదికి 60 రోజులు పని ఆపమని రాసింది. సేద్యానికి కూలోళ్ళు దొరకాలట! కోనసీమలో ఆ రోజుల్లో చేలో కోసేది మిషను. కూలి పెంచమంటే మిషను చూపిస్తారు, ఉపాధి పనికి పోతామంటే చట్టం చూపిస్తారు. మరి పేట ఏం తినాలి?

మిషను పగలగొట్టమని నేననను. వంగి వంగి నడుములు పోయిన తల్లులు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1945లో గాంధీ ఆలోచనల మీద రాస్తూ యంత్రాన్ని తప్పుపట్టలేదు. యంత్రం మనిషికి తీరిక ఇస్తుందనీ, తప్పు దాన్ని కొందరి లాభానికే వాడే వ్యవస్థదనీ అన్నారు. 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో భూమి ప్రభుత్వానిది కావాలనీ, కులం చూడకుండా ఊరివాళ్ళకి ఉమ్మడి సేద్యానికి ఇవ్వాలనీ రాశారు.

కాబట్టి మనం అడగాల్సినవి మూడు. ఆ 60 రోజులు ఏవో ప్రకటించేది రాష్ట్ర ప్రభుత్వం. మిషను కోసే ఊళ్ళల్లో కోతల రోజుల్ని అందులో కలపకూడదు. సేద్యపు యంత్రాలకి కేంద్రం ఇచ్చే సబ్సిడీ ఎస్సీలకి, ఆడవాళ్ళకి 50 శాతం దాకా ఉంది. మిగతా సగానికి భూమి తాకట్టు అడగకుండా అప్పిచ్చి, పేట ఆడకూలీల సంఘాలకే మిషన్లు ఇవ్వాలి. 2019 చట్టంలో కౌలు కార్డుకి భూయజమాని ఒప్పుకోవాలన్న షరతు తీసెయ్యాలి.

ఉత్త మాటలతో ఇవి రావు. ఈ మాసూలుకి మీ ఊళ్ళో మిషను ఎన్ని ఎకరాలు కోసింది, ఎవరికి ఎన్ని రోజుల పని పోయింది, పేరుపేరునా రాయండి. ఆ కాయితం గ్రామసభలో గట్టిగా చదవండి. సంతకం రానివాళ్ళు వేలిముద్ర వెయ్యండి.