తల్లికి తిండితోపాటు తీరిక

బిడ్డ పుట్టిన గంటలోపే తల్లి పాలివ్వాలి. మొదట వచ్చే ముర్రుపాలు చిక్కగా, పసుపుపచ్చగా ఉంటాయి. రోగాలను ఎదిరించే శక్తి వాటిలో ఉన్నది. కొందరు వాటిని పిండి పారబోసి, బిడ్డ నాలుకకు తేనె రాస్తారు. అది తగదు. ఆరునెలలు నిండేవరకు బిడ్డకు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కరలేదు. ఆ తరువాత మెత్తని అన్నం, పప్పు పెడుతూ రెండేళ్ళు, ఆ పైన కూడా పాలు ఇవ్వవచ్చు.

పాలిచ్చే తల్లికి బలమైన ఆహారం కావాలి. ఇందుకు 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం తోడ్పడుతున్నది. అంగన్‌వాడీ కేంద్రాలు బాలింతలకు పౌష్టికాహారం అందిస్తున్నాయి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం దీనిని హక్కుగా చేసింది. కాన్పు తరువాత ఆరునెలల వరకు రోజుకు 600 కేలరీల ఆహారం ఉచితంగా ఇవ్వాలన్నది.

అయినా పేద ఇళ్ళలో పాలసీసా కనబడుతూనే ఉన్నది. "తిండి ఇస్తున్నా తల్లులకు తెలివి లేదు" అని కొందరు నిందిస్తారు. ఇది న్యాయం కాదు. బిడ్డ కుడిచేకొద్దీ తల్లికి పాలు ఊరుతాయి. కుడవడం తగ్గితే పాలూ తగ్గుతాయి. పొద్దున్నే పొలానికో, ఇటుక బట్టీకో వెళ్ళి చీకటి పడ్డాక వచ్చే తల్లి పాలెప్పుడు ఇస్తుంది? అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత. ఇక్కడ బిడ్డ ఏడ్చి అడుగుతూనే ఉంటుంది. పెట్టడానికి అమ్మ దగ్గర ఉండదు. అప్పుడు ఇంటివారు డబ్బాపాలు కలుపుతారు. పొడి ఖరీదైనది కనుక నీళ్ళు ఎక్కువ పోస్తారు. ఆ నీరు, సీసా శుభ్రంగా లేకపోతే బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. 1992 నాటి చట్టం డబ్బాపాల ప్రకటనలను నిషేధించింది. కాని తల్లికి కూలికి పోక తప్పని స్థితిని అది మార్చలేదు.

సంఘటిత రంగంలో అర్హత గల ఉద్యోగినులకు మొదటి రెండు కాన్పులకు జీతంతో 26 వారాల సెలవు 2017 నుండి ఉన్నది. కూలి చేసే తల్లికి అటువంటి సెలవు లేదు. అదే ఏడు వచ్చిన ప్రధానమంత్రి మాతృవందన పథకం కింద తొలికాన్పుకు 5,000 రూపాయలు ఇస్తారు. ఆరునెలల కూలికి అది సాటిరాదు.

కనుక తిండితోపాటు తీరిక కూడా తల్లికి దక్కాలి. పోయిన కూలికి సరిపడే సాయం అందాలి. పనిచోట బిడ్డకు నీడ, చూసుకునే ఆయా, పాలివ్వడానికి విరామం ఉండాలి. ఇంటివారికీ బాధ్యత ఉన్నది. పురుడు వచ్చిన ఇంట నీళ్ళు తేవడం, వంట చేయడం మగవారు, పెద్దపిల్లలు పంచుకోవాలి. పాలివ్వడం తల్లి పని. ఆమెకు ఆ వ్యవధి కల్పించడం అందరి పని.